తూటా కేసు మెడ: సైజింగ్, కందెన

రైఫిల్ తూటా ఒకసారి పేలితే బుల్లెట్ వెళ్ళిపోతుంది, మందు కాలిపోతుంది, మందును రాజేసే ప్రైమర్ పనికిరాకుండా పోతుంది. ఇత్తడి కేసు ఒక్కటే మిగులుతుంది. తూటా ఖరీదులో పెద్ద వాటా కూడా దానిదే. ఆ కేసును పారేయకుండా శుభ్రం చేసి, కొలతకు దిద్ది, కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ అమర్చి మళ్ళీ వాడుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. ఈ పనిలో వదులైన మెడను తిరిగి బిగించడం మెడ సైజింగ్. అప్పుడు ఇత్తడీ ఉక్కూ ఒకదాన్నొకటి గీరుకోకుండా మధ్యలో రాసేది కందెన.

ఈ విద్య ముఖ్యంగా అమెరికాది. అక్కడి వేటగాళ్ళు, గురిపోటీల షూటర్లు దీన్ని ఇంటి గ్యారేజీలో సాయంత్రాలు కూర్చుని చేసుకునే పనిగా మార్చుకున్నారు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోనూ, యూరప్‌లోని కొన్ని దేశాల్లోనూ అక్కడి చట్టాలకు లోబడి చేసేవారున్నారు. భారతదేశంలో మందుగుండు తయారీకి ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు ఉండాలి కాబట్టి ఇది ఇళ్ళలోకి రాలేదు. తెలుగువారు ఎరిగిన షూటింగ్ కూడా వేరు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌లో. అందులో గాలి ఒత్తిడే తప్ప తూటా ఉండదు. 50 మీటర్ల పోటీల్లో వాడే .22 రిమ్‌ఫైర్ తూటాకు కేసు ఉంటుంది గానీ, మంట రాజేసే మిశ్రమం దాని అంచులోనే పోసి ఉంటుంది. పిన్ను దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది కాబట్టి దాన్ని మళ్ళీ వాడే వీలు లేదు. అడుగున మధ్యలో విడిగా ప్రైమర్ ఉండే సెంటర్‌ఫైర్ కేసుకే రెండో జన్మ ఉంది.

మెడ చేసే పని

ఆధునిక రైఫిల్ కేసు సీసా ఆకారంలో ఉంటుంది. అడుగున మందపాటి పీఠం, పైకి కొద్దిగా సన్నబడే ఒళ్ళు, వాలుగా దిగే భుజం, ఆపైన బుల్లెట్‌ను పట్టుకునే పొట్టి మెడ. ఒళ్ళు మందును మోస్తే, మెడ బుల్లెట్‌ను మోస్తుంది. పేలే క్షణం వరకూ బుల్లెట్‌ను కదలనీయకూడదు, బారెల్ నడిరేఖకు సూటిగా నిలపాలి. పేలగానే మెడ ఉబ్బి, బారెల్ వెనుక తూటా కూర్చునే చాంబర్ గోడకు అతుక్కుని వాయువు వెనక్కి తన్నకుండా అడ్డుకోవాలి. ఆ ఉబ్బడంలోనే బుల్లెట్‌కు దారి విడవాలి. పట్టుకోవడమూ విడవడమూ రెండూ దాని పనే.

.308 విన్‌చెస్టర్ తూటాను ఉదాహరణగా తీసుకుంటే కొలతలు తెలుస్తాయి. 1952లో బజారులోకి వచ్చిన ఈ తూటాలో బుల్లెట్ వ్యాసం 0.308 అంగుళం, అంటే 7.82 మిల్లీమీటర్లు. మెడ గోడ మందం 0.014 అంగుళం అనుకుంటే, బుల్లెట్ కూర్చున్న మెడ వెలుపలి వ్యాసం 0.336 అవుతుంది. పేలి బయటికొచ్చిన కేసు మెడ 0.343 దరిదాపుల్లో ఉంటుంది. పేలినప్పుడు చాంబర్ గోడదాకా సాగి, ఒత్తిడి తగ్గాక కాస్త వెనక్కి ముడుచుకుని అక్కడ ఆగిపోయింది. ఇప్పుడు అందులో కొత్త బుల్లెట్ పెడితే జారి మందులో పడుతుంది. మన లేత్ షెడ్లలో ‘థౌ’ అని పిలిచే వెయ్యో వంతు అంగుళం ఇక్కడ లెక్క. ఏడు థౌల వదులును తీసి, ఒకటి రెండు థౌల బిగువు ఇవ్వాలి. ఒక థౌ అంటే మిల్లీమీటరులో నలభయ్యో వంతు.

మెడకు విడిచే వీలు లేకపోతే ఏమవుతుందో అమెరికన్ సైన్యం 1921లో చూసింది. అప్పటి .30-06 బుల్లెట్లకు క్యుప్రోనికెల్ తొడుగు ఉండేది. అది బారెల్ లోపల ముద్దలుగా అంటుకుపోయి గురి చెడగొట్టేది. షూటర్లు దీనికి విరుగుడుగా బుల్లెట్ ముక్కును గ్రీజులో ముంచి కాల్చేవారు. ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ ఆ ఏటి జాతీయ పోటీల కోసం ఇంకో దారి వెతికింది. బుల్లెట్ మీద తగరం పూత పూసింది. బారెల్‌లో ముద్దలు కట్టడం తగ్గింది, గురి అద్భుతంగా వచ్చింది. కానీ నిల్వలో ఉన్న తూటాల్లో ఆ తగరం మెడ ఇత్తడితో చల్లగానే అతుక్కుపోయింది. నిప్పు తగలని టంకంలా బుల్లెట్టూ మెడా ఒకటైపోయాయి. మామూలుగా బుల్లెట్‌ను మెడలోంచి లాగడానికి పట్టే బలానికి అనేక రెట్లు కావలసి వచ్చింది. అయినా మెడ ఉబ్బడానికి చోటున్నంతవరకు గండం గడిచేది. ఒహాయోలోని క్యాంప్ పెర్రీ మైదానంలో కొందరు పాత అలవాటు కొద్దీ ఈ తూటాలను కూడా గ్రీజులో ముంచారు. మెడకూ చాంబర్‌కూ మధ్య ఉండే సందును గ్రీజు నింపేసింది. మెడ ఉబ్బలేదు, బుల్లెట్‌ను విడవలేదు, ఒత్తిడి హద్దు దాటింది, రైఫిళ్ళు పగిలాయి. ఈ వ్యవహారాన్ని ఆర్డ్‌నెన్స్ అధికారి జూలియన్ హాచర్ తన ‘హాచర్స్ నోట్‌బుక్’లో వివరంగా రాశారు. కొద్దిపాటి జింకు కలిపిన రాగి, గిల్డింగ్ మెటల్, తొడుగుగా వచ్చాక తగరంతోనూ ముక్కుకు పూసే గ్రీజుతోనూ పని లేకుండా పోయింది. కందెన ఎక్కడ ఉండకూడదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇత్తడి స్వభావం

కేసుకు వాడే ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. ఈ పాళ్ళలో లోహం బాగా సాగుతుంది. చిన్న బిళ్ళను దశలవారీగా లోతుగా లాగి పొడవాటి కేసుగా మార్చినా చిరగదు. కానీ లాగిన ప్రతిసారీ, నొక్కిన ప్రతిసారీ గట్టిపడుతుంది. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు కొట్టే కళాకారులు సుత్తి దెబ్బలకు రేకు మొండికేయగానే దాన్ని కాల్చి మెత్తబరుస్తారు. తూటా కర్మాగారంలోనూ జరిగేది అదే, లాగుడుకూ లాగుడుకూ మధ్య కొలిమి ఉంటుంది. చివర మెడనూ భుజాన్నీ మాత్రం ప్రత్యేకంగా వేడిచేసి మెత్తగా ఉంచుతారు. మిజోరీ రాష్ట్రం ఇండిపెండెన్స్‌లోని లేక్ సిటీ సైనిక కర్మాగారపు కేసుల మెడ దగ్గర కనిపించే నీలి ఛాయ ఆ వేడి గుర్తే. దాన్ని తుడవకుండా వదిలేస్తారు. పౌరులకు అమ్మే కంపెనీలు చాలావరకు మెరుగు పెట్టేస్తాయి కాబట్టి అక్కడ కనిపించదు, అంతే తేడా.

మెడను ఎందుకు మెత్తబరచాలన్న పాఠానికి భారతదేశంతో నేరుగా సంబంధం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి బ్రిటిష్ సైన్యం గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన తూటాలు వానాకాలంలో ఏ దెబ్బా తగలకుండానే పగుళ్ళు తీసేవి. పగుళ్ళు ఎక్కువగా బుల్లెట్‌ను బిగించిన మెడ దగ్గరే వచ్చేవి. ఋతువును బట్టి వచ్చే పగులు అని ఆ జబ్బుకు పేరు స్థిరపడింది గానీ కారణం చాలాకాలం అంతుపట్టలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు తేల్చింది ఇది: గుర్రపుశాలల్లో మూత్రం నుంచి వెలువడే అమోనియా తేమతో కలిసి, లోపల బిగువు దాగి ఉన్న ఇత్తడిని రేణువుల సందుల వెంట చీలుస్తుంది. కొద్దిపాటి వేడితో ఆ బిగువు తీసేస్తే పగులు రాదు. ఈనాటి రీలోడర్లు అమోనియా కలిసిన ఇత్తడి పాలిష్‌ను కేసుల దరికి రానీయకపోవడానికి మూలం ఈ సంగతే. సైజు చేసిన మెడ ఎప్పుడూ బిగువులో ఉన్న ఇత్తడే కదా.

ఇంకో గుణం స్ప్రింగులా వెనక్కి రావడం. మెడను నొక్కి వదిలితే సుమారు ఒక థౌ తిరిగి విచ్చుకుంటుంది. లోపలినుంచి సాగదీసి వదిలితే అంత మేర ముడుచుకుంటుంది. కొత్త కేసులో ఇది తక్కువ. నాలుగైదు సార్లు కాల్చి, నొక్కి గట్టిపడిన కేసులో ఎక్కువ. అదే డై (కేసును నొక్కి కొలతకు తెచ్చే ఉక్కు అచ్చు), అదే చెయ్యి, అయినా పాత కేసుల కొలత వేరుగా రావడానికి కారణం ఇదే. మరీ గట్టిపడితే మెడ నిలువునా చీలుతుంది. అంతకు ముందే గ్యాస్ మంట దగ్గరో విద్యుత్ ఇండక్షన్ యంత్రంలోనో మెడను కొన్ని సెకన్లు వేడిచేసి మెత్తబరుస్తారు. వేడి పీఠం దాకా పాకితే మాత్రం ఆ కేసు పనికిరాదు. అక్కడి ఇత్తడి గట్టిగా ఉండబట్టే పేలుడు ఒత్తిడికి ఆగుతోంది.

డైలు

పరికరాల చరిత్ర పొదుపుతో మొదలైంది. 1880ల్లో అమెరికన్ సైనిక శిబిరాల్లో .45-70 కేసులను గురి సాధన కోసం తిరిగి నింపేవారు. 1884లో జాన్ బార్లో కనెక్టికట్‌లో స్థాపించిన ఐడియల్ కంపెనీ పట్టకారు ఆకారపు చేతి పనిముట్లు అమ్మింది. 1925లో లైమన్ కంపెనీ దాన్ని కొనేసింది. కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో మొదలుపెట్టిన ఆర్‌సీబీఎస్, ఆ తర్వాత వచ్చిన రెడింగ్, హార్నడీ వంటి కంపెనీలు బల్లకు బిగించే ప్రెస్‌నూ అందులో మరలతో బిగించే డైనూ ఇంటింటి సామాను చేశాయి. 1958 నాటి లీ లోడర్ మరీ చవక. ప్రెస్ అక్కర్లేదు, కేసును డైలో పెట్టి మేలెట్‌తో కొడితే మెడ బిగుస్తుంది.

ఒక్క తోపులో పాత ప్రైమర్‌ను కూడా బయటికి నెట్టగలగడం అమెరికన్లకు కలిసొచ్చిన అదృష్టం. వాళ్ళు వాడే బాక్సర్ ప్రైమర్‌కు అడుగు మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది, డైలోని పిన్ను సూటిగా దానిలో దిగుతుంది. దాన్ని రూపొందించిన ఎడ్వర్డ్ బాక్సర్ బ్రిటిష్ అధికారి. అమెరికన్ అయిన హైరమ్ బెర్డాన్ తయారుచేసిన రెండు రంధ్రాల పద్ధతి యూరప్‌లో స్థిరపడింది. ఎవరి సొత్తు ఎవరింట చేరిందో చూడండి.

ఫుల్ లెంగ్త్ డై కేసు ఒళ్ళు, భుజం, మెడ మూడింటినీ ఒకేసారి నొక్కుతుంది. నెక్ డై మెడను మాత్రమే తాకుతుంది. ఒకే రైఫిల్‌లో పేలిన కేసు ఆ చాంబర్‌కు అచ్చుగుద్దినట్టు ఉంటుంది కాబట్టి మెడ బిగిస్తే చాలు అన్నది ఒకప్పటి గట్టి నమ్మకం. కొన్నాళ్ళకు కేసు ఒళ్ళూ భుజమూ చాంబర్‌కు బిర్రుగా మారి చాంబర్ వెనక తలుపులాంటి బోల్టు మూయడం కష్టమవుతుంది. ఇప్పుడు పోటీ షూటర్లలో ఎక్కువమంది ప్రతిసారీ ఫుల్ లెంగ్త్ డైనే వాడుతూ, భుజాన్ని ఒకటి రెండు థౌలు మాత్రమే వెనక్కి నెడుతున్నారు. ఈ వాదంలో వాళ్ళదే పైచేయి అనిపిస్తుంది. చాంబర్‌లో ఇరుకున పడ్డ తూటా కంటే కాస్త సందు ఉన్న తూటా సూటిగా నిలుస్తుంది.

అసలు చిక్కు మెడను నొక్కే తీరులో ఉంది. మామూలు డైని తయారుచేసేవారు అన్ని కంపెనీల కేసులనూ దృష్టిలో పెట్టుకుంటారు. మెడ గోడ పలచగా ఉన్న కేసు కూడా బిగుసుకోవాలి కాబట్టి డైలోని మెడ భాగాన్ని బాగా ఇరుకుగా తొలుస్తారు. పైన చెప్పిన .308 కేసు మెడ అందులో 0.343 నుంచి 0.329 దాకా నలుగుతుంది. కేసును బయటికి లాగేటప్పుడు, పిన్ను కడ్డీ మీద ఉన్న ఎక్స్‌పాండర్ అనే గుండ్రటి ఉక్కు గుండు మెడ లోపలినుంచి దూసుకొస్తూ దాన్ని మళ్ళీ 0.335 దాకా తెరుస్తుంది. పోవలసిన దూరం ఎనిమిది థౌలు, ఇత్తడి చేసిన ప్రయాణం ఇరవై. ఈ అనవసరపు రాకపోకలే మెడను త్వరగా గట్టిపరుస్తాయి, చీలుస్తాయి.

పైగా ఆ గుండు వచ్చే దిక్కు మంచిది కాదు. అది మెడను పైకి లాగుతుంది. మెడ లోపల పొడిగా ఉంటే ప్రెస్ పిడి పైకెత్తేటప్పుడు కీచుమనే శబ్దం వస్తుంది, పిడి పట్టేస్తుంది. ఆ లాగుడుకు భుజం ముందుకు జరుగుతుంది, కిందికి నెట్టేటప్పుడు ఎంతో జాగ్రత్తగా పెట్టిన కొలత చెడుతుంది. మెడ ఒక పక్కకు వంగుతుంది కూడా. కేసును రోలర్ల మీద తిప్పుతూ డయల్ గేజ్ పెట్టి చూస్తే ఆ వంపు థౌలలో కనబడుతుంది. మెడ వంకరకు తిట్లన్నీ డై తింటుంది గానీ, చాలాసార్లు దోషి ఈ గుండూ, దానికి కందెన పెట్టని చెయ్యీ.

దీన్ని తప్పించుకునే దారులు మూడు. మొదటిది బుషింగ్ డై. మెడ భాగంలో విడిగా మార్చుకునే ఉక్కు ఉంగరం ఉంటుంది, ఒక్కో థౌ తేడాతో దొరుకుతుంది. బుల్లెట్ కూర్చున్న మెడ 0.336 అయితే, రెండు థౌల బిగువు కోసం 0.334 బుషింగ్ వేస్తారు. మళ్ళీ తెరిచే పనే లేకపోతే గుండును తీసి పక్కన పెట్టొచ్చు. ఇందులోనూ లోపాలున్నాయి. బుషింగ్ భుజం దాకా దిగదు కాబట్టి మెడ అడుగున కాస్త భాగం సైజు కాకుండా మిగులుతుంది. బయటినుంచి నొక్కుతుంది కాబట్టి మెడ గోడ మందంలో ఉన్న హెచ్చుతగ్గులన్నిటినీ లోపలికి నెడుతుంది. ఒకే తోపులో ఐదు థౌల కంటే ఎక్కువ నొక్కవలసి వస్తే రెండు బుషింగులతో రెండు విడతలుగా చేయడం మేలు.

రెండోది మాండ్రెల్. మెడను ముందు కాస్త ఎక్కువ నొక్కి, తర్వాత వేరే డైలో బిగించిన నునుపైన కడ్డీని పైనుంచి మెడలోకి దింపుతారు. గుండు లాగితే ఇది తోస్తుంది, కేసు కింద ఆధారం మీద నిలబడి ఉంటుంది, భుజం సాగదు. గోడల హెచ్చుతగ్గులు బయటికి పోయి లోపలి వ్యాసం సమంగా వస్తుంది. బుల్లెట్ తాకేది లోపలి గోడనే కాబట్టి ఈ వాదనలో బలముంది.

మూడోది విస్కాన్సిన్‌కు చెందిన లీ కంపెనీ కాలెట్ డై. మెడలో ఒక మాండ్రెల్ నిలబడి ఉండగా, చీలికలున్న ఉక్కు పట్టు చుట్టూ మూసుకుని మెడను దానికేసి ఒత్తుతుంది. ఇత్తడి ఉక్కు మీద జారడం అనేదే ఉండదు కనుక కందెన అక్కర్లేదు. చవకైన పరికరం, తెలివైన ఆలోచన. కాకపోతే భుజాన్నీ ఒంటినీ ముట్టుకోదు, వాటికి వేరే డై వాడాల్సిందే.

రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల వాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేసి చాంబర్‌నే మార్చేశారు. 1970ల మధ్యలో లూ పాల్మిసానో, ఫెరిస్ పిండెల్ రూపొందించిన 6 పీపీసీ తూటాకు 0.262 అంగుళాల ఇరుకు మెడ చాంబర్ ఆనవాయితీ అయింది. కేసు మెడ గోడను చిన్న లేత్ లాంటి పరికరంతో సమంగా చెక్కి, తూటా మెడ చాంబర్ కంటే ఒకటి రెండు థౌలే తక్కువ ఉండేలా చేస్తారు. పేలినా మెడ సాగేది అంతే. నొక్కవలసింది కూడా అంతే. అలాంటి మెడలు ఎన్నో సార్లు వాడినా చెక్కుచెదరవు. వేటకు వెళ్ళేవాడికి ఇది పనికిరాదు. కాస్త దుమ్ము పడినా తూటా చాంబర్‌లో పట్టేస్తుంది.

కందెన

కందెన లేని కేసును ఫుల్ లెంగ్త్ డైలోకి నెడితే ఇత్తడి ఉక్కుకు అంటుకుంటుంది. పిడి వెనక్కి లాగితే ప్రెస్ పట్టు కేసు అడుగు అంచును చింపుకుని ఊడి వస్తుంది, కేసు డైలోనే ఉండిపోతుంది. అప్పుడిక పీఠంలో రంధ్రం తొలిచి, మరలు కోసి, బోల్టు బిగించి లాగాలి. ఈ పనికోసమే ప్రత్యేకంగా కిట్లు అమ్ముతారంటే ఎంతమందికి జరుగుతుందో ఊహించుకోవచ్చు. పిస్తోలు కేసులు చాలావరకు నిట్టనిలువు గోడలవి కాబట్టి కార్బైడ్ డైలలో పొడిగానే సైజు అవుతాయి. సీసా ఆకారపు రైఫిల్ కేసుకు కార్బైడ్ డై ఉన్నా కందెన తప్పదు. ఇది తెలియక చాలామంది ఖరీదైన డైని కేసుతో సహా చేతిలో పెట్టుకుని దిగాలుపడతారు.

వెలుపలి కందెనల్లో అందరూ మొగ్గేది రెండు రకాల వైపు. ఒకటి డబ్బాలో వచ్చే మెత్తని మైనం. వేలికి ఏమాత్రం తగిలిందో తెలియనంత తీసుకుని కేసు ఒంటి మీద, ముఖ్యంగా పీఠానికి కాస్త పైభాగాన, ఒకసారి తిప్పితే చాలు. రెండోది లానోలిన్, అంటే గొర్రె ఉన్నికి సహజంగా పట్టి ఉండే జిడ్డు. ఒక పాలు లానోలిన్‌కు పది పన్నెండు పాళ్ళ గాఢ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి సీసాలో గిలక్కొట్టి, పళ్ళెంలో పరిచిన కేసుల మీద చల్లుతారు. ఆల్కహాల్ ఆరిపోయి లానోలిన్ పొర మిగిలేదాకా ఆగాలి. తొందరపడి తడిగానే నెడితే పలచన జిడ్డు ఒత్తిడికి తప్పుకుంటుంది, కేసు ఇరుక్కుంటుంది. వాలుగా చల్లితే కొన్ని తుంపరలు మెడ లోపలికీ పోతాయి, దాంతో గుండుకు కూడా పని సులువవుతుంది.

ఎక్కువైనా ప్రమాదమే. ద్రవం నలగదు. భుజం దగ్గర పేరుకున్న కందెనకు డైలో పోయే చోటు లేకపోతే అది ఇత్తడినే లోపలికి తోసి సొట్ట పెడుతుంది. డైలకు గాలి పోయే చిన్న రంధ్రం పెట్టేది ఇందుకే. అది మూసుకుపోతే ఉన్నా లేనట్టే. చిన్న సొట్టలు తర్వాతి పేలుడుకు సరిపోతాయి, లోతైనవి పారేయాల్సిందే. మెడకు వెలుపల కందెన పూసేవారు భుజాన్ని వదిలేయమని చెప్పేది అందుకే.

మెడ లోపలి కందెన వేరే సంగతి. అక్కడ నూనె, మైనం పెడితే తర్వాత తుడవాలి. లేకపోతే మందు గింజలు అంటుకుంటాయి, ప్రైమర్ దాకా చేరితే అది మండకపోవచ్చు. అందుకే ఇక్కడ పొడి కందెనలు: గ్రాఫైట్, మాలిబ్డినమ్ డైసల్ఫైడ్, గూడూరు గనుల వాళ్ళకు చిరపరిచితమైన అభ్రకం పొడి. గ్రాఫైట్‌లోనూ మాలిబ్డినమ్ డైసల్ఫైడ్‌లోనూ అణువులు పలచని పొరలుగా అమరి, ఒక పొర మీద ఇంకో పొర తేలికగా జారుతుంది. అభ్రకం కూడా పొరలుగానే విడివడుతుంది. నైలాన్ బ్రష్‌ను పొడిలో ముంచి మెడలో ఒకసారి తిప్పడం పాత పద్ధతి. సన్నని సెరామిక్ పూసల్లో గ్రాఫైట్ కలిపిన గిన్నెలో మెడను గుచ్చి తీయడం కొత్తది, మరకలు తక్కువ.

ఇక్కడే శుభ్రత మోజు ఎదురు తిరుగుతుంది. కాల్చిన కేసు మెడలో మిగిలే మసి పొర తానే ఓ పొడి కందెన. గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకుల పొడిలో గాని, అక్రోటు పెంకుల పొడిలో గాని దొర్లించి శుభ్రం చేస్తే అది కొంత నిలుస్తుంది. నీళ్ళు, సబ్బు, సన్నని స్టీలు పిన్నులు వేసి దొర్లిస్తే కేసు లోపలా బయటా కొత్త నగలా మెరుస్తుంది, మసి ఆనవాలు ఉండదు. ఆ ఒట్టి ఇత్తడి గుండునూ పట్టుకుంటుంది, బుల్లెట్‌నూ పట్టుకుంటుంది, అదీ ఒక్కో కేసులో ఒక్కోలా. మెరుపు కోసం మసిని తీసేసి, మళ్ళీ దాని బదులు గ్రాఫైట్ డబ్బా కొనుక్కోవడం ఈ అభిరుచిలో అందరూ నవ్వుకుంటూ చేసే పని.

సైజింగ్ అయ్యాక వెలుపలి కందెనను పూర్తిగా తుడిచేయాలి. పొడి కేసు పేలినప్పుడు చాంబర్ గోడను పట్టుకుని వెనక్కి వచ్చే తోపులో కొంత తాను మోస్తుంది. జిడ్డు కేసు జారుతుంది, ఆ భారమంతా బోల్టు మీద పడుతుంది. ఈ జారుడునే కోరి వాడుకున్న ఆయుధాలు లేకపోలేదు. ఆస్ట్రియా వారి ష్వార్జ్‌లోజ్ మెషిన్‌గన్ తొలి మోడల్, ఇటలీ బ్రెడా 30, జపాన్ టైప్ 92 లలో తూటాలకు నూనె పట్టే ఏర్పాటు ఉండేది. అమెరికన్ తుపాకుల రూపకర్త జాన్ పెడర్సన్ తన రైఫిల్ కోసం తూటాలకు ముందే మైనం పూయించాడు. అమెరికన్ సైన్యం అతని రైఫిల్‌ను పక్కనబెట్టి, ఆ అవసరం లేని గరాండ్ రైఫిల్‌ను 1936లో తీసుకుంది.

పట్టు ఎంత ఉండాలి

బోల్ట్ యాక్షన్ గురి రైఫిళ్ళలో బుల్లెట్ కంటే మెడ లోపలి వ్యాసం ఒకటి రెండు థౌలు తక్కువ ఉంచడం మామూలు. తూటాను మ్యాగజీన్ నుంచి విసురుగా చాంబర్‌లోకి తోసే సెమీ ఆటోమేటిక్‌లలో బుల్లెట్ లోపలికి జరిగిపోకుండా మూడు థౌలు, కొన్నిసార్లు ఇంకాస్త ఎక్కువ పెడతారు. అంతకు మించి బిగిస్తే పట్టు పెరుగుతుందనుకోవడం భ్రమ. ఇత్తడి సాగే హద్దు దాటాక బుల్లెట్టే మెడను తెరుచుకుంటూ దిగుతుంది. ఆ పనిలో బుల్లెట్ తొడుగు గీసుకుపోవడం తప్ప ఒరిగేది లేదు.

ఈ థౌల లెక్క వ్యాసాల తేడాను మాత్రమే చెబుతుంది. బుల్లెట్‌ను విడిపించడానికి ఎంత బలం పడుతుందో ఇత్తడి గట్టిదనం, మెడ పొడవు, గోడ మందం, లోపలి నునుపు కలిసి తేలుస్తాయి. మెత్తబరచిన మెడా, పదిసార్లు కాల్చిన మెడా కొలతలో సమానంగా ఉండి కూడా వేర్వేరుగా పట్టుకుంటాయి. నెలల తరబడి నిల్వ ఉన్న తూటాల్లో బుల్లెట్ తొడుగు రాగీ మెడ ఇత్తడీ మెల్లగా అంటుకుంటాయి కూడా. కొందరు పోటీ షూటర్లు బుల్లెట్లను కాస్త పైకి కూర్చోబెట్టి ఉంచి, పోటీ ముందురోజు చివరి కొలతకు దించేది ఆ అంటు విడగొట్టడానికే. లోపల పలచని గ్రాఫైట్ ఉన్న మెడలో ఈ బెడద తగ్గుతుంది.

చాలాకాలం ఈ పట్టును చేతి స్పర్శతోనే అంచనా వేసేవారు. వాషింగ్టన్ రాష్ట్రపు ఎల్.ఇ. విల్సన్ కంపెనీ చేతి డైలను ఆర్బర్ ప్రెస్‌తో నొక్కేటప్పుడు బుల్లెట్ ఎంత మెత్తగా దిగిందో అరచేతికి తెలుస్తుంది. గట్టిగా దిగిన తూటాలను విడిగా తీసి సాధనకు వాడతారు. ఆర్బర్ ప్రెస్‌కు బలాన్ని చూపే గేజ్ తగిలించడం తర్వాత వచ్చింది. గత కొన్నేళ్ళలో బుల్లెట్ దిగుతున్నంతసేపూ బలాన్ని గీతగా గీసి చూపే మోటారు ప్రెస్‌లు అమ్మకానికి వచ్చాయి. వాటి మీద ఒకే కంపెనీ కేసులను, ఒకే బుషింగ్‌తో, ఒకే రోజు సైజు చేసి పరీక్షించినా, మెడలో గ్రాఫైట్ తగిలినవి ఒక గీత గీస్తాయి, తగలనివి దానికి పైన ఎగుడుదిగుడుగా ఇంకొకటి గీస్తాయి.